గాలికుంటు టీకా – పాడిరైతుల సందేహములు

గాలికుంటు టీకాలు వేయుటకై పశువైద్య సిబ్బంది గ్రామమునకు వచ్చుచున్నారని చాటింపు వేయగానే, కొందఱు తమ పాడిగేదెలను తెల్లవాఱకముందే పొలమునకు తోలుకొనిపోవుట మనము చూచుచునే యున్నాము. ఇంటియొద్ద నుండినవారిలోను కొందఱు ఎద్దులకును, వట్టిపోయిన పశువులకును వేయింతురు గాని పాలిచ్చుదానిని చూపరు. కారణ మడిగినచో వారు చెప్పు మాటలు ఇంచుమించుగ నన్ని గ్రామములందును నొక్కటియే. "పోయిన తూరి సూది వేసిన మఱునాడు గేదె చేపలేదు." "మెడమీద గడ్డ కట్టినది, నెల దాటినను కరగలేదు." "పక్కవారి చూడియావు వారము తిరుగకమునుపే ఈసుకొనిపోయినది." "వేయించినవానికిని రోగము వచ్చినది, వేయించనివానికిని వచ్చినది. ఇక వేయించుట యెందులకు?"

ఈ మాటలను అజ్ఞానమని త్రోసిపుచ్చువారు కొందఱు గలరు. అది న్యాయము కాదు. దినమునకు రెండుపూటలు పాలు పోసి, ఆ డబ్బుతో నిల్లు గడుపుకొనువానికి నాలుగు దినముల పాలు తగ్గుట చిన్న విషయము కాదు. పైగా అతడు చెప్పునది చాలవఱకు తాను కన్నులార చూచినదే. చూచినది నిజమే, దానికి చెప్పుకొన్న కారణము మాత్రము కొన్నియెడల నిజము, కొన్నియెడల కాదు. ఈ రెంటిని వేఱుపఱచి చూపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

గాలికుంటు రోగమును కలిగించు వైరస్ ఏడు రకములుగా నున్నది. మన దేశమున కనబడునవి ఓ, ఏ, ఆసియా-1 అను మూడు. మనకు వచ్చు టీకామందులో నీ మూడు రకముల వైరస్‌ను పెంచి, రసాయనముతో చంపి, శుద్ధిచేసి చేర్చుదురు. చచ్చిన వైరస్‌ను ఒంటిగా నెక్కించినచో పశువు శరీరము దానిని అంతగా లెక్కచేయదు. అందుచేత దానిని నూనెతో గిలకకొట్టి మజ్జిగవంటి తెల్లని ద్రవముగా చేయుదురు. ఆ నూనె కండలో నిలిచి మందును కొంచెము కొంచెముగా విడుచుచుండును. శరీరపు రక్షక కణములను ఆ చోటికి పిలుచును. సూది పడినచోట వాపు కలుగుటకును, కొన్నియెడల గోళీవలె గట్టి గడ్డ మిగులుటకును కారణ మిదియే. మందు పనిచేయునది యే దారినో వాపు వచ్చునదియు ఆ దారినే. కండలో లోతుగా దిగవలసిన మందు చర్మముక్రిందనే నిలిచినను, మురికిసూదితో వేసినను గడ్డ పెద్దదగును, చీముపట్టుటయు కలదు. చీముపట్టుట మందు దోషము కాదు, వేసిన చేతి దోషము.

పాలు తగ్గుటయు నిజమే. టీకా వేసిన యొకటి రెండు దినములు కొన్ని పశువులకు ఒళ్లు వెచ్చబడును, మేత మందగించును, నెమరు తగ్గును. మేత తగ్గిన పశువు పాలు తగ్గుట వింత కాదు. దానికితోడు ఆ దినమున త్రాళ్లతో కట్టి, ముక్కు పట్టి, క్రొత్తవారు చుట్టుముట్టిన బెదురు ఒకటి. గేదె బెదరినచో చేపదని చెప్పుటకు పశువైద్యుడు అక్కఱలేదు గదా! హెచ్చుపాలిచ్చు పశువులలో నీ తగ్గుదల మఱింత స్పష్టముగా కనబడును. సాధారణముగా కొద్ది దినములలో పాలు మరల పూర్వపు కొలతకు వచ్చును.

లెక్కకొఱకు ఇట్లనుకొందము. ఎనిమిది లీటర్ల గేదె నాలుగు దినములు లీటరు చొప్పున తగ్గెను. నష్టము నాలుగు లీటర్లు. సంవత్సరమునకు రెండు పర్యాయములు టీకా వేయించినచో ఎనిమిది లీటర్లు, అనగా ఒకనాటి పాడి. ఇక గాలికుంటు వచ్చినచో నేమగును? నోట పుండ్లు పడి చొంగ కార్చుచు మేత ముట్టదు. గిట్టల నడుమ చీలి నిలువలేదు. చన్నులపై పొక్కులు చిట్లి పొదుగువాపు దిగును. ఆ యీతకు పాలు మునుపటి కొలతకు రాకపోవుట సామాన్యము. రోగము తగ్గిన పిదప కొన్ని పశువులు ఎండకు తాళలేక రొప్పుచు, వెండ్రుకలు పెరిగి, కట్టుటకు రాక చెడును. లేతదూడలకు గుండె దెబ్బతిని నిలుచున్నచోటనే కూలిపోవుట కలదు. దుక్కికాలమున వచ్చినచో ఎద్దు కాడి క్రిందికి రాదు. ఆ యేడు సేద్యమే వెనుకబడును. 2013వ సంవత్సరమున కర్ణాటకమునందును చుట్టుపట్లను చెలరేగిన గాలికుంటులో పశువులను పోగొట్టుకొన్నవారికి ఈ లెక్క వేఱుగా చెప్పనక్కఱలేదు.

అరుదుగా కలుగునదియైనను తెలిసియుండవలసిన ప్రమాద మొకటి గలదు. టీకా వైరస్‌ను పెంచుటకు చిట్టెలుకజాతి జంతువుయొక్క మూత్రపిండ కణములను వాడుదురు. ఎంత శుద్ధిచేసినను ఆ కణముల మాంసకృత్తులు లేశమాత్రము మిగులవచ్చును. పలుమాఱులు టీకా పొందిన ఏ కొన్ని పశువులకో అవి సరిపడవు. సూది వేసిన కొన్ని నిమిషములు మొదలు కొన్ని గంటలలోపల కనుఱెప్పలు, మూతి వాచుట, ఒడలెల్ల దద్దురు లేచుట, వణకుట, ఊపిరాడక చొంగ కార్చుట, పడిపోవుట సంభవించును. దీనికి విరుగుడు మందులు పశువైద్యునియొద్ద నుండును. వెంటనే యిచ్చినచో చాలవఱకు పశువు దక్కును. కావున టీకా వేయించిన తక్షణమే పశువును పొలమునకు తోలక, కనీస మొక గంట కన్నులయెదుట నుంచుకొనుట మేలు. సిబ్బంది సూదులు వేసి వెనువెంటనే ఊరు విడుచుటయు సరికాదు. ఈ మాట వారితో చెప్పుటకు రైతులు మొగమాటపడవలదు.

చూడిపశువుల సంగతి కొంత చిక్కైనది. గాలికుంటు టీకాలో నున్నది చచ్చిన వైరస్. అది గర్భములోని దూడకు రోగము తేజాలదు. ఐనను నిండుచూడి పశువును తఱిమి, త్రాళ్లువేసి, పడద్రోసి సూది వేసినచో, లోన నేమందు ఉన్నను లేకున్నను గర్భమునకు ముప్పే. తీవ్ర జ్వరము వచ్చినను ముప్పే. అందువలన నెలలు నిండినవానిని విడిచి, ఈనిన పిదప వేయించుట క్షేమము. ఇక వారము దినములకు ఈసుకొనిపోయిన ఆవు మాట. ఒక యూర నన్ని పశువులకు నొకేదినమున టీకా వేసినప్పుడు, ఆ నెలలో సహజముగా ఈసుకొనిపోవలసినవి కూడ ఆ టీకా తరువాతనే ఈసుకొనిపోవును. తరువాత జరిగినదంతయు దానివలన జరిగినది కాదు. ఈసుకొనిపోయిన దూడను, మాయను పరీక్ష చేయించినచో బ్రూసెల్లా వంటి వేఱు రోగము బయటపడుట పలుమాఱు జరుగుచున్నది. పరీక్ష చేయింపక టీకామీద త్రోయుటవలన అసలు దొంగ కొట్టములోనే మిగిలిపోవుచున్నాడు.

"టీకాయే రోగమును తెచ్చినది" అను మాట మఱియొకటి. దీనికి తగిన ఆధారమే లేదనుట సత్యము కాదు. ఐరోపా ఖండమున ఒకప్పుడు వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపెడివారు. ఆ పద్ధతిలో కొంత వైరస్ చావక మిగిలిపోవుట కలదనియు, 1980 ప్రాంతముల అక్కడ పుట్టిన కొన్ని గాలికుంటు రోగములకు మూలము అట్టి టీకాయేననియు పరిశోధకులు తేల్చిరి. ఆ పద్ధతి మానుకొని, నమ్మకముగ చంపు వేఱొక రసాయనమును ఇప్పుడు వాడుచున్నారు. నేడు మన గ్రామములలో టీకా వేసిన వారములోపల రోగము కనబడుటకు కారణము వేఱు. రోగము అంటుకొన్న పిదప బయటపడుటకు రెండు మొదలు పదునాలుగు దినములు పట్టును. పొరుగూర రోగము వచ్చినదని విని తొందరపడి టీకా వేయించునాటికే కొన్ని పశువులకు అది అంటియుండును. టీకా బలము చేకూరుటకు ఒకటి రెండు వారములు కావలెను. రోగము దానికంటె ముందు నడచినది. 2022వ సంవత్సరమున లంపీ చర్మవ్యాధి వ్యాపించినప్పుడును ఇట్లే జరిగినది. అప్పుడు వేసిన మేకమశూచి టీకా సజీవమైనది. లంపీ వ్యాధి బయటపడుటకు నాలుగు వారములు కూడ పట్టవచ్చును. అందుచే రోగపు నడుమ టీకా పొందిన పశువులలో బొబ్బలు లేచినవానిని చూచి జనులు టీకాను నిందించిరి.

రైతుల ఫిర్యాదు టీకామందునే మార్చిన యుదాహరణ మొకటి బ్రెజిలు దేశమున గలదు. దానిని మనవారు తెలిసికొనవలెను. ఏలయన ఆ దేశమున మాంసమునకై పెంచు పశువులలో నధికభాగము మన ఒంగోలు జాతి సంతతియే. ఒంగోలు ప్రాంతము 1904వ సంవత్సరము వఱకు నెల్లూరు జిల్లాలో నుండెను. అక్కడివారు ఆ పశువులను నేటికిని "నెలోరి" యనియే పిలుచుచున్నారు. ఆ దేశమున గాలికుంటు టీకాను ఒక్కొక్క పశువునకు 5 మిల్లీలీటర్ల చొప్పున వేసెడివారు. సూది పడినచోట గడ్డలు కట్టి, కోసినప్పుడు మాంసములో చీముగడ్డలవంటివి కనబడుచుండెను. పెంపకపుదారులు చిరకాలము మొఱపెట్టుకొన్నను మార్పు రాలేదు. 2017వ సంవత్సరము జూన్ నెలలో అమెరికా సంయుక్త రాష్ట్రములు ఆ గడ్డలనుగూడ కారణముగా చూపి బ్రెజిలు పచ్చిమాంసమును కొనుట ఆపివేసెను. అప్పుడు మందును తిరిగి పరీక్షించిరి. వాపును హెచ్చించుచున్న సాపోనిన్ అను పదార్థమును తీసివైచిరి; ప్రపంచమున 2004 తరువాత కనబడని సి-రకపు వైరస్‌ను తొలగించిరి; 2019వ సంవత్సరమునుండి మోతాదును 5 మిల్లీలీటర్లనుండి 2 మిల్లీలీటర్లకు తగ్గించిరి. టీకాను మానలేదు, మంచిచేసికొనిరి. పిమ్మట 2025వ సంవత్సరము మే నెలలో ఆ దేశము టీకా అవసరములేకయే గాలికుంటునుండి విముక్తమైనట్లు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించెను. రచ్చబండమీద తిట్టినంత మాత్రమున ఆ మందు మారలేదు. కోసిన పశువులో గడ్డను చూపి, తూచి, నష్టమును లెక్కవ్రాసి చూపినప్పుడే మారినది.

సజీవ టీకాల తీరు వేఱు. బ్రూసెల్లా రోగమునకు వేయు ఎస్-19 టీకాలో బలహీనపఱచిన సజీవ సూక్ష్మజీవి యుండును. 1923లో ఒక జెర్సీ ఆవు పాలనుండి తీసిన ఆ జీవి, ప్రయోగశాలలో ఏడాదికి పైబడి ఊరక పడియుండి, తనంతట తానే తీవ్రతను కోల్పోయినది. దీనిని 4 మొదలు 8 నెలల వయసు గల పెయ్యలకు జీవితమున నొక్కమాఱే వేయవలెను. కోడెదూడలకు వేయరాదు. చూడిపశువునకు వేసినచో అది నిజముగానే ఈసుకొనిపోవచ్చును. వేయువాని చేతికి పొరపాటున గ్రుచ్చుకొన్నచో అతనికి విడిచి విడిచి వచ్చు జ్వరము పట్టును. కాబట్టి ఈ టీకా విషయమున వయసును సరిగా చెప్పవలసిన భారము రైతుదే. సంవత్సరము దాటిన పెయ్యను ఎనిమిది నెలలదని చెప్పి వేయించుట తన కొట్టమునకు తానే నిప్పు పెట్టుకొనుట.

ఇక అసలు సందేహము: వేయించినను రోగమేల వచ్చుచున్నది?

కారణములలో మొదటిది మందు నడచివచ్చిన దారి. గాలికుంటు టీకాను తయారైన చోటునుండి పశువు కండలో దిగువఱకు 2 మొదలు 8 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో నుంచవలెను. వేడి తగిలినచో చచ్చిన వైరస్ ముక్కలై పోవును. ఆ ముక్కలను చూచి శరీరము రోగమును గుర్తింపనేరదు. ఓ-రకము మఱియు పెళుసు. గడ్డకట్టినను నష్టమే, నూనె, నీరు విడిపోవును. కొందఱు హెచ్చు చల్లన హెచ్చు మంచిదనుకొని మంచుగడ్డ నడుమ సీసాలను పాతిపెట్టుదురు. అది కూడని పని. చెడిన సీసా పైకి సీసావలెనే యుండును. సూదియు సూదివలెనే దిగును. చెవిపోగు సంఖ్యయు పుస్తకములో చేరును. రైతునకు కలిగినది వాపు, కలుగనిది రక్షణ. ఇంతకంటె అన్యాయపు బేర మేమున్నది? వేసవిలో మధ్యాహ్నమువఱకు మూతతీసిన పెట్టెతో వీధులు తిరుగుట చూచినప్పుడు, దయచేసి పెట్టెలో మంచు ఉన్నదో లేదో చూపుడని యడుగుట సభ్యుల హక్కు.

రెండవది కాలము. దూడకు నాలుగు నెలల లోపల తల్లి జున్నుపాలద్వారా వచ్చిన రక్షణ యుండి, అది టీకాను పని చేయనీయదు. మొదటి టీకా వేసిన పిదప నెలకు మరల వేయనిచో బలము నిలువదు. పిమ్మట ఆఱునెలల కొకమాఱు వేయుచుండవలెను. "మా గేదెకు వేయించితిమి" అని చెప్పువారిని ఎప్పుడని యడిగినచో "పోయిన సంక్రాంతికి ముందటి సంక్రాంతికి" అని చెప్పుదురు! ఏలికపాములు, జలగలు పట్టి బక్కచిక్కిన పశువులకును రక్షణ తగినంత కలుగదు.

మూడవది వైరస్ మారుటయే. ఒకే రకములో సైతము క్రొత్త పాయలు పుట్టుచుండును. సీసాలోనిదానికిని ఊరిలోనిదానికిని పోలిక తగ్గినప్పుడు రక్షణయు తగ్గును. అందుకే రోగము వచ్చిన పశువు నాలుకపై పొక్కు చర్మమును ప్రయోగశాలకు పంపుట అవసరము. మందలో రోగము వచ్చినదని చెప్పినచో పాలు తీసికొనరని దాచువారు, మఱుసటి యేటి టీకా తమ యూరి వైరస్‌కు సరిపోవునో లేదో తెలియు దారిని మూసివేయుచున్నారు. గొఱ్ఱెల నీలినాలుక వ్యాధి యిందుకు మఱింత స్పష్టమైన నిదర్శనము. ఆ వైరస్ ఇరువదికి పైగా రకములుండగా మన దేశపు టీకా ఐదింటికే.

నాలుగవది, గాలికుంటు టీకా పశువును రోగబాధనుండి కాపాడునే గాని, వైరస్ గొంతులో చేరకుండ ప్రతిసారియు ఆపదు. టీకా పొందిన గేదె పైకి ఆరోగ్యముగ నుండి, పొలమునకు దాచిపెట్టిన పక్కవాని గేదెకు దానిని అంటించవచ్చును. ఎదురుదారిని, టీకాలేని పశువులు పెక్కు గల గ్రామమున వైరస్ ఊరెల్ల పెరిగి, ఏ కొంచెము బలము తగ్గిన టీకాపశువుమీదనైనను పడును. "వేయించినవానికిని వచ్చినది" అన్నప్పుడు, ఊరిలో వేయించినవి ఎన్ని, వేయించనివి ఎన్ని, ఏ గుంపులో ఎన్ని పడినవి, ఎన్ని చచ్చినవి యని విడదీసి లెక్కపెట్టనిదే ఆ మాటకు అర్థము తెలియదు.

పశుటీకా సంపూర్ణముగ నెగ్గిన చరిత్రయు మన కండ్లముందరిదే. పెద్దరోగమని, ముసరవ్యాధియని మన తాతలు భయపడిన రిండర్‌పెస్టు నిప్పుడు ఏ రైతును చూడలేదు. మొదట రోగపశువు రక్తమును, కోలుకొన్నదాని రక్తరసమును కలిపి యెక్కించెడివారు. దానివలననే కొన్ని చచ్చెడివి. 1920-30ల నడుమ ముక్తేశ్వరమునందలి ప్రయోగశాలలో ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు వైరస్‌ను మేకలలో వరుసగా పెంచి మందగింపజేసి టీకా చేసెను. అది మన నాటుపశువులకు చాలవఱకు సరిపడినది. సీమజాతులకును, సంకరజాతులకును తీవ్ర జ్వరము తెచ్చి కొన్నిటిని చంపినది. ఆ జాతులకై కుందేళ్లలో పెంచిన మఱొక టీకాను వాడిరి. 1960 ప్రాంతమున ప్లోరైట్ అను నతడు కెన్యాలో కణములయందు పెంచిన టీకాను సిద్ధపఱచెను. దానికి చెప్పుకోదగిన జ్వరమే లేదు. మన దేశమున నీ రోగము కడపటిసారి కనబడినది 1995లో. 2006లో దేశమునకును, 2011లో ప్రపంచమంతటికిని దాని పీడ వదలినట్లు ప్రకటించిరి. గాలికుంటు దానికంటె జిత్తులమారి. ఒకే టీకాతో జీవితమంతయు రక్షణ నిచ్చు సౌకర్యము దానికి లేదు. కనుక అంత శీఘ్రముగ తెగదు. జాతీయ పశువ్యాధుల నివారణ కార్యక్రమము 2019లో ఆరంభమైనప్పటినుండి గాలికుంటు, బ్రూసెల్లా టీకాలను ప్రభుత్వము ఉచితముగ వేయించుచున్నది.

టీకాదినమునకు రెండు మూడు వారములు ముందుగ ఏలికపాముల మందు త్రాగించవలెను. జ్వరముతో నున్నదానిని, క్రొత్తగా సంతనుండి దూరము నడచి వచ్చినదానిని ఆ దినము విడిచి, తరువాత వేయించవలెను. ఉదయపు చల్లన, పాలు పితికిన పిమ్మట, తెలిసిన మనిషి ముకుత్రాడు పట్టుకొని వేయించినచో బెదురు తగ్గును. ఒక్కొక్క పశువునకు వేఱు సూది వాడుమని కోరవలెను. ఆ దినమును, మఱునాడును ఎండపనికి కట్టక, పచ్చిమేతయు నీరును సమృద్ధిగా నీయవలెను. టీకా పొందిన పశువు పాలు త్రాగుటకు గాని కేంద్రమునకు పోయుటకు గాని ఆటంకము లేదు. మూడవ దినమునకును జ్వరము తగ్గనిచో, గడ్డ వేడెక్కి మెత్తబడినచో వైద్యునికి చూపవలెను; గడ్డను ఇంట కాల్చుట, కోయుట కూడదు.

పాల తగ్గుదల యెంతయో తేల్చుటకు సహకార సంఘ సభ్యులకున్న సాధనము ఇతరులకు లేదు. ప్రతిపూట పాలకేంద్రములో కొలత, వెన్న శాతము వ్రాయబడుచున్నవి. టీకాకు ముందటి పది దినముల పాలు, తరువాతి పది దినముల పాలు ప్రక్కప్రక్కన వ్రాయుడు. ఒకే పాడి పోయు ఇండ్లలో నిది మఱింత తేటగా తెలియును. ఆ కాలమునందే టీకా వేయించనివారి పాలను గూడ చూడవలెను; ఎండలు ముదిరి ఊరంతటను తగ్గినయెడల ఆ భాగము టీకాది కాదు. దానితోబాటు పశువు చెవిపోగుమీది 12 అంకెల సంఖ్య, సీసామీది తయారీ వరుస సంఖ్య, గడువు తేదీ, సూది వేసిన దినము, చూడి నెలలు, కనబడిన లక్షణములు ఒక కాగితముపై వ్రాసి పశువైద్యాధికారికి ఇచ్చి, ముట్టినట్లు సంతకము తీసికొని, నకలొకటి సంఘ కార్యదర్శియొద్ద నుంచవలెను. సీసా సంఖ్యను వేయునప్పుడే యడిగి వ్రాసికొనుడు. ఖాళీసీసాలు సాయంకాలమునకు ఊరిలో మిగులవు.